నైట్ షెల్టర్ సంగతులు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? నాటకం కోసం

ఒక నాటకం రాస్తున్నాను. 12 ఏళ్లుగా మాటల్లేని తండ్రీకొడుకులు. అద్దె కట్టలేక రోడ్డున పడ్డ కొడుకు ఒక రాత్రి షెల్టర్‌కి వెళ్తే, పక్క పరుపు మీద నాన్న! ఎవరూ ఎత్తుకుపోకుండా చెప్పులు సంచిలో వేసి, దాన్నే తల కింద పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇక్కడిదాకా బాగానే వచ్చింది, తర్వాతే పెన్ను కదలట్లేదు. ఏడుపులూ కౌగిలింతలూ రాస్తే నాకే ఎబ్బెట్టుగా ఉంది.

అలాంటి చోట ఉన్నవాళ్లు గానీ పని చేసినవాళ్లు గానీ కాస్త చెప్పండి. లైట్లు ఆపాక మాట్లాడుకోనిస్తారా? తెల్లారగానే అందర్నీ బయటికి పంపేస్తారా? పేరు రాసుకునేటప్పుడు 'నీవాళ్లెవరు' అని అడుగుతారా? అడిగేమాటైతే నాకు సీన్ దొరికినట్టే.