మజ్జలో పీహెచ్ కొలత: లోతుకు వెళ్లేకొద్దీ తప్పుతున్న నిష్పత్తి

వరంగల్‌లోని మా ప్రయోగశాలలో, మత్తులో ఉంచిన చిట్టెలుక పుర్రె ఎముక గుండా టూ-ఫోటాన్ మైక్రోస్కోపుతో (కణజాలం లోతుల్ని లేజరుతో చూసే పరికరం) చూస్తూ, మజ్జలోని రక్త మూలకణాల చుట్టూ పీహెచ్ (ఆమ్ల-క్షార స్థాయి) ఎంత ఉందో, పీహెచ్‌ను బట్టి వెలుగు రంగు మార్చే స్నార్ఫ్-1 రంజకంతో కొలుస్తున్నాము. లేజరు 800 నానోమీటర్లు; 580, 640 నానోమీటర్ల వద్ద వెలువడే కాంతుల నిష్పత్తి చూస్తున్నాము; 640తో పోలిస్తే 580 కాంతి తగ్గితే క్షారగుణం పెరిగినట్టు లెక్క. పైపొరల్లో విలువలు నిలకడగానే ఉన్నా, 100 మైక్రాన్లు దాటగానే 580 కాంతి ముందుగా సన్నగిల్లి, మజ్జ అంతా క్షారగుణంతో ఉన్నట్టు కనిపిస్తోంది. ఇది నమ్మశక్యంగా లేదు. ఆక్సిజన్ నిండిన హీమోగ్లోబిన్ 577 దగ్గర కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది కనుక మా అనుమానం దానిపైనే. 37 డిగ్రీల వద్ద, పీహెచ్ ముందే తెలిసిన బఫర్ ద్రావణాలతో క్రమాంకనం చేశాము, లేజరు శక్తిని మార్చి చూశాము, ఓరుగల్లు ఎండలకు గది వేడెక్కడమే కారణమేమోనని రాత్రిపూట కూడా చిత్రాలు తీశాము, ఫలితం మారలేదు. పీహెచ్‌కు స్పందించకుండా ఈ రెండు పట్టీల్లోనూ వెలుగునిచ్చే ఏ రంజకాన్ని జతచేస్తే, బతికున్న మజ్జలో ఈ లోతు నష్టాన్ని సరిదిద్దుకోవచ్చు?