పాత బాక్సింగ్ ఛాంపియన్లు బాబ్ ఫాస్టర్, మైఖేల్ స్పింక్స్... 15 రౌండ్లు పెడితే ఎవరు గెలుస్తారు?

పాతఫైట్ల_పిచ్చోడు:
రాత్రి మళ్లీ 1968 ఫాస్టర్, డిక్ టైగర్ ఫైట్ చూశా, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగింది. నాలుగో రౌండ్లో ఫాస్టర్ లెఫ్ట్ హుక్ (ఎడమ చేత్తో పక్క నుంచి తిప్పి కొట్టే పంచ్) తగలడం, టైగర్ వెల్లకిలా పడడం, అంతే, లెక్క అయిపోయింది, పాపం టైగర్ కెరీర్ మొత్తంలో నాకౌట్ అయింది ఆ ఒక్కసారే. ఆ ఫాస్టర్ ముందు 1983లో ఇంకో ఛాంపియన్ ఖావీని ఓడించి ఇద్దరి టైటిల్ బెల్టులూ కలిపేసిన స్పింక్స్‌ని నిలబెడితే? 175 పౌండ్లు (లైట్ హెవీవెయిట్), 15 రౌండ్లు. నా ఓటు ఫాస్టర్‌కే, ఎనిమిదో రౌండ్ లోపే. మీరేమంటారు?

జాబ్_మాస్టారు:
అన్నా, టైగర్ ఎత్తెంత, ఫాస్టర్ ఎత్తెంత? ఆయన 5 అడుగుల 8 అంగుళాలు, ఈయన 6 అడుగుల 3. తాటిచెట్టు మీంచి కొట్టినట్టు కొట్టాడు. స్పింక్స్ ఆరడుగుల రెండంగుళాలు, రీచ్‌లో (చేతులు చాపితే వచ్చే పొడవు) తేడా మూడంగుళాలే (ఫాస్టర్ 79, స్పింక్స్ 76), పైగా తిన్నగా ఎదురుగా నిలబడే రకం కాదు, ఎటు నుంచి వస్తాడో ఎప్పుడు ఆగుతాడో అర్థంకాదు, ఆ వంకర టింకర నడకలోంచే ఆ రైట్ హ్యాండ్ వస్తుంది. లైట్ హెవీలో ఒక్క ఓటమి లేదు ఆయనకి. పాయింట్ల మీద స్పింక్స్.

గ్లవ్స్_లేనోడు:
టైసన్ 91 సెకన్లలో పడుకోబెట్టాడుగా మీ స్పింక్స్‌ని 😂

జాబ్_మాస్టారు:
అది హెవీవెయిట్ బ్రో. ఆ లెక్కన ఫాస్టర్‌ని ఫ్రేజియర్ 1970లో రెండో రౌండ్లోనే లేపేశాడు, అలీ 1972లో పదేపదే కింద పడేసి ఎనిమిదిలో ముగించాడు, అవీ లెక్కేద్దామా మరి? పై వెయిట్‌కి వెళ్లి హెవీవెయిట్ ఛాంపియన్ హోమ్స్‌ని ఓడించింది స్పింక్స్ ఒక్కడే ఈ ఇద్దరిలో.

రింగ్‌పక్క_సీటు:
అలీ ఫైట్ తెచ్చావ్ కాబట్టి చెప్తున్నా, ఆ రోజు ఓడినా ఫాస్టర్ జాబ్ (ముందు చేత్తో తిన్నగా వేసే పంచ్) అలీ మొహం చీల్చింది, రక్తం కారింది. అలీ అంతటోడే తప్పించుకోలేని జాబ్ అది. అందరూ హుక్ గురించే మాట్లాడతారు గానీ ఆ జాబ్‌తో కళ్లు కమ్మాకే హుక్ దిగేది. ఇంకోటి, ఖావీ చాలా పొట్టి, దగ్గరికి తోసుకొచ్చేవాడు, అందుకే స్పింక్స్ దూరం పెట్టి జాబ్ ఆడి గెలిచాడు. ఫాస్టర్ మీద ఆ దూరం స్పింక్స్‌ది కాదు కదా, ఫాస్టర్‌దే. లోపలికి వెళ్లాల్సింది స్పింక్స్, వెళ్లేటప్పుడే హుక్. అయితే ఎనిమిది లోపు అని మాత్రం నేననను, ఫినెగన్ అనే సౌత్‌పాతో (ఎడమచేతి వాటం బాక్సర్) 14వ రౌండ్ దాకా పట్టింది ఫాస్టర్‌కి, తిప్పలుపెట్టే స్టైల్ అయితే టైమ్ తీసుకుంటాడు.

పాతఫైట్ల_పిచ్చోడు:
ఫినెగన్ సంగతి మర్చిపోయా నేను, నిజమే. సరే ఎనిమిది వెనక్కి తీసుకుంటున్నా, 12 అనుకోండి. కానీ మాస్టారూ, స్పింక్స్ ఆ రైట్ వేసేటప్పుడు ఎడమ చెయ్యి ఎక్కడుంటుందో ఇంకోసారి చూసి చెప్పండి, కిందే ఉంటుంది అనిపించింది నాకు.

జాబ్_మాస్టారు:
కిందే ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ అప్పటికే తల పక్కకి జరిగిపోతుంది. ఇవాళ రాత్రి ఖావీ ఫైట్ పెట్టుకుని రౌండ్ రౌండ్ ఆపి చూసి వస్తా, అప్పటిదాకా నా ఓటు మారదు.