అప్‌డేట్: వానలో డ్రైవర్ వైపు వైపర్ ఆగిపోయిన సమస్య తీరింది

జోరువానలో డ్రైవర్ వైపు వైపర్ కదలడం మానేసిందని, పక్క సీటు వైపుది మామూలుగానే తిరుగుతోందని అడిగాను కదా. వెంటనే జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్. ఆ టెన్షన్‌లో మీ మాటలే ధైర్యమిచ్చాయి.

"వైపర్ ఆర్మ్ (బ్లేడును పట్టుకునే కడ్డీ) మొదట్లో ఉన్న నట్టు చూడండి" అన్న సలహానే పనిచేసింది. కారు పక్కకు ఆపి, స్విచ్ ఆఫ్ చేసి ప్లాస్టిక్ మూత తీస్తే నట్టు వేళ్లతోనే తిరిగిపోతోంది! ఆర్మ్‌ను రెండోదానికి సమానంగా పెట్టి స్పానర్‌తో బిగించాను. వాన కాస్త తగ్గేదాకా ఆగి, వైపర్‌ను స్లోలోనే ఉంచి మెల్లగా ఇల్లు చేరాను.

మర్నాడు మెకానిక్ ఆర్మ్ విప్పి చూపించాడు. షాఫ్ట్‌ను, అంటే ఆర్మ్‌ను తిప్పే ఇరుసును, పట్టుకోవాల్సిన దాని లోపలి పళ్లు అరిగి నున్నగా అయిపోయాయి. ఎంత బిగించినా మళ్లీ జారుతుందన్నాడు. షాఫ్ట్ పళ్లు బాగానే ఉండటంతో ఆర్మ్ ఒక్కటే మార్చాడు. తర్వాత రెండుసార్లు గట్టి వానలో నడిపాను, ఏ ఇబ్బందీ లేదు.

ఫ్యూజుకీ మోటారుకీ దీంతో సంబంధం లేదు. నా కారులో రెండు వైపర్లకూ ఒకటే మోటారు, ఒక వైపర్ తిరుగుతోందంటే ఫ్యూజూ మోటారూ బాగున్నట్టే. రెండూ ఒకేసారి ఆగితే మాత్రం ముందు ఫ్యూజే చూడండి.