రిస్క్ తీసుకున్నాడు కాబట్టి ఓనర్‌కే ఎక్కువ రావాలా?

బెంజిసర్కిల్ బాబు: మా ఆఫీసులో పెద్ద గొడవ ఇది. ఓనర్ ఇల్లు తాకట్టు పెట్టి కంపెనీ పెట్టాడు, మనం ఒకటో తారీకు జీతం తీసుకుని పోతాం, కాబట్టి ఆయనకి పది రెట్లు వచ్చినా న్యాయమే అంటాడు మావాడొకడు. మీరేమంటారు?

ఆటోనగర్ లేత్: న్యాయమే. నాది చిన్న షాపు, శనివారం వచ్చిందంటే లారీ ఓనర్లు బిల్లు ఇచ్చినా ఇవ్వకపోయినా కుర్రాళ్లకి బట్వాడా చెయ్యాల్సిందే, ఆ రోజు మా ఆవిడ గాజులు ఎన్నిసార్లు బ్యాంకుకెళ్లాయో ఆవిడనే అడగండి. ప్రైవేట్ లిమిటెడ్ పెట్టుకుంటే కంపెనీ అప్పు మన సొంత ఆస్తి మీదకి రాదు, సేఫ్ అంటారు గానీ బ్యాంకోళ్లు పర్సనల్ గ్యారంటీ (కంపెనీ కట్టకపోతే నేనే కడతానని) సంతకం లేకుండా లోను ఇస్తారా ఎక్కడైనా? కంపెనీ దివాలా కేసు సెటిలైపోయినా గ్యారంటీ ఇచ్చినోడు దానంతటదే బయటపడడని 2021లో సుప్రీంకోర్టే చెప్పింది.

గుంటూరు ఘాటు: రిస్కుకే డబ్బులొస్తే మా ఊరి కౌలు రైతులందరికీ బ్రాడీపేటలో మేడలుండాలి అన్నయ్యా. కౌలు ముందే కట్టాలి, భూమి ఆడి పేరున లేదు కాబట్టి లోను దొరకదు, మందుల కొట్లో అరువు. 2021లో నల్ల తామర పురుగొచ్చి మిర్చి తోటలు పీకేసుకున్నారు జనం. పంట చేతికొస్తే రేటు ఉండదు, 2025 ఫిబ్రవరిలో ఎంత పడిపోయిందంటే కేంద్రం క్వింటాకి 11,781 అని ధర ప్రకటించాల్సొచ్చింది. మరి ఈ రిస్కుకి ఎవరిచ్చారు ఎక్కువ?

ఆటోనగర్ లేత్: ఇవ్వాలనే కదా నేనూ అనేది!

లెక్కల మాస్టారు: ఇద్దరూ జీతాన్నీ లాభాన్నీ కలిపేస్తున్నారు. ఫ్రాంక్ నైట్ అని అమెరికన్ ఎకనామిస్టు 1921లోనే రాశాడు, లెక్కకి అందే రిస్కుకి ఇన్సూరెన్స్ ఉంటుంది, అస్సలు లెక్కకి అందని అనిశ్చితి నుంచే లాభం పుడుతుంది అని. అందరికీ ఇచ్చేశాక మిగిలేదే లాభం, ఒక్కోసారి ఏమీ మిగలదు. మీ లేత్ షాపుకి సరిపోయే మాటే ఇది. పెద్ద కంపెనీల సంగతి వేరు. కంపెనీల చట్టం ప్రకారం పబ్లిక్ కంపెనీలో ఒక ఎండీకి నికర లాభంలో 5 శాతం పరిమితి, షేర్‌హోల్డర్లు ఊ అంటే అదీ దాటొచ్చు, లాభం లేని ఏడాది కూడా జీతం తీసుకునే దారి అదే చట్టం షెడ్యూల్ 5లో ఉంది. నష్టం వచ్చినా ఆగని డబ్బుని రిస్కుకి ప్రతిఫలం అని ఎలా అంటారండీ?

బెంజిసర్కిల్ బాబు: మా ఓనర్ అచ్చం అంతే మాస్టారూ, మా జీతాలు రెండు నెలలు ఆపి ఆయన కారు మాత్రం మార్చాడు 😀 ఆ రెండు నెలలు రిస్కు ఎవరిదంట?

ఆటోనగర్ లేత్: అందరు ఓనర్లూ అలా ఉండరు బాబూ. సరే మాస్టారూ, ఫిట్టర్‌కి 22 వేలిస్తున్నా, నాకు నేను ఎంత రాసుకోమంటారు?

లెక్కల మాస్టారు: మీరు చేసే పనికి బయటి మనిషిని పెడితే ఎంతవుద్దో అంత. మిగతాది ఏడాది చివర్లో, ఉంటే.

ఆటోనగర్ లేత్: ఆ "ఉంటే" అన్నారు చూశారా, దానికే నేను ఎక్కువ అడుగుతుంది.