రీసెర్చ్ గ్రాంట్ల పద్దులు: యూనివర్సిటీ ఫైనాన్స్ సిబ్బందికి మూడు రోజుల శిక్షణలో ఏం నేర్పాలి?

బీచ్‌రోడ్_పద్దులు:

అందరికీ నమస్కారం. విశాఖలో ఒక యూనివర్సిటీ ఫైనాన్స్ సెక్షన్‌లో 14 మందికి వచ్చే నెల మూడు రోజుల శిక్షణ పెడుతున్నాం. ఐదుగురు సూపరింటెండెంట్లు, మిగతావాళ్లు సీనియర్, జూనియర్ అసిస్టెంట్లు. ఫీజుల వసూళ్లు, జీతాల బిల్లులు, పెన్షన్ ఫైళ్లు బాగా అలవాటైన పనులు. తడబాటంతా ప్రాజెక్టు ఫైళ్ల దగ్గరే. పరిశోధనకు సొమ్మిచ్చే కేంద్ర ఏజెన్సీలు డీఎస్‌టీ (సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ), డీబీటీ (బయోటెక్నాలజీ శాఖ), ఏఎన్ఆర్ఎఫ్ (జాతీయ పరిశోధన ఫౌండేషన్) ప్రాజెక్టులే ఎక్కువ. సముద్ర శాస్త్రం, కెమిస్ట్రీ, ఫార్మసీ విభాగాల నుంచి వస్తుంటాయి.

మొదటి రోజు జీఎఫ్ఆర్ (కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు) నిబంధనలు, రెండో రోజు కొనుగోళ్లు, మూడో రోజు యూసీ (గ్రాంటు వినియోగ ధ్రువపత్రం) అని వేసుకున్నాను. ఈ వరుస సరైనదేనా? స్లైడ్లు చూపించి పంపేయడం నాకు ఇష్టం లేదు. చేత్తో చేసి నేర్చుకునేలా ఏం పెట్టొచ్చో చెప్పండి.

ఎఫ్‌ఓ_విశ్రాంతి:

వరుస తిరగేయండి సార్. జీఎఫ్ఆర్ 2017తో మొదలుపెడితే రూల్ నంబర్లు రాసుకుంటారు గానీ, ఫైలు ముందుకొచ్చినప్పుడు ఒక్కటీ గుర్తుకురాదు. మొదటి గంటలోనే శాంక్షన్ ఆర్డర్ (మంజూరు ఉత్తర్వు) చేతిలో పెట్టండి. జీతాల బిల్లుకు జీవో ఎలాగో ప్రాజెక్టుకు అది అలాగ.

పేర్లు కొట్టేసిన పాత ఆర్డర్ జిరాక్సులు తీయించి, నాలుగు జట్లుగా కూర్చోబెట్టండి. ప్రాజెక్టు ఏ తేదీ నుంచి మొదలైనట్టు? మూడేళ్లకు మంజూరు ఎంత, ఈ విడత విడుదల ఎంత? రికరింగ్ (ఏటా వచ్చే ఖర్చులు) ఎంత, నాన్ రికరింగ్ (పరికరాల్లాంటి ఒకసారి ఖర్చు) ఎంత? ఒక హెడ్ (ఖర్చు పద్దు) నుంచి మరో హెడ్‌కు మార్చాలంటే ఎవరి అనుమతి కావాలి? ఓవర్‌హెడ్ (సంస్థ నిర్వహణకు ఇచ్చే వాటా) ఎంత శాతం, దేనిమీద లెక్కకట్టాలి? ఈ ఐదింటికీ జవాబు ఆర్డర్లో వేలు పెట్టి చూపించాలి, నోటిమాట చెల్లదు. మంజూరు, విడుదల ఒకటేననుకోవడంతోనే సగం ఇబ్బందులు మొదలవుతాయి. 45 లక్షలు మంజూరై, 14 లక్షలే విడుదలైన ప్రాజెక్టులో 22 లక్షల పరికరానికి ఇండెంట్ (కొనమని కోరే పత్రం) వస్తే ఎక్కడ ఆపాలో అసిస్టెంటుకు తెలియాలి. పాత ఫైళ్లలో సెర్బ్ (పాత పరిశోధన నిధుల బోర్డు) పేరు చూసి కంగారుపడతారు. 2023 చట్టంతో అది ఏఎన్ఆర్ఎఫ్‌లో కలిసిపోయిందని ఒక్క మాట చెబితే చాలు.

యూసీని మూడో రోజుకు దాచకండి. మొదటి రోజు మధ్యాహ్నమే చేయించండి. ఎక్కడ ఏ తప్పు జరిగినా చివరికి తేలేది అందులోనే కాబట్టి, అది చూశాక మిగతా పాఠాలు ఎందుకో వాళ్లకే అర్థమవుతుంది. ఈ అభ్యాసం ఇవ్వండి (అంకెలు కల్పితం):

ప్రారంభ నిల్వ 3,40,000. ఏడాదిలో వచ్చిన వడ్డీ 21,600. ప్రభుత్వానికి తిరిగి కట్టిన వడ్డీ 18,000. ఈ ఏడాది గ్రాంటు 12,00,000. అందుబాటులో ఉన్న మొత్తం 15,43,600. ఖర్చు 11,85,250. ముగింపు నిల్వ 3,58,350. అందులో బ్యాంకులో ఉన్నది 2,98,350, ఫీల్డ్ పనికి పీఐ (ప్రాజెక్టు నడిపే ప్రధాన పరిశోధకుడు) తీసుకుని ఇంకా లెక్క చెప్పని అడ్వాన్సు 60,000.

ఇది చేశాక అదే ప్రాజెక్టుకు తప్పు యూసీ ఒకటి ఇచ్చి తప్పేదో పట్టుకోమనండి. ఆ 60,000 అడ్వాన్సును ఖర్చులో కలిపేస్తే ఖర్చు 12,45,250, నిల్వ 2,98,350 అవుతుంది. బ్యాంకు స్టేట్‌మెంటుతో రూపాయి తేడా లేకుండా సరిపోతుంది! అందుకే ఈ తప్పు ఎవరికీ కనపడదు. బ్యాంకుతో సరిపోయింది కదా అని సంతకాలు పెట్టేస్తారు. ఆడిట్‌లో బిల్లులు అడిగినప్పుడు 60,000కు కాగితం ఉండదు. అడ్వాన్సు ఖర్చు కాదు, బిల్లులొచ్చి సర్దుబాటయ్యాకే ఖర్చు. జీఎఫ్ఆర్ 12-ఏ ఫారంలో సర్దుబాటు కాని అడ్వాన్సులకు విడిగా వరుస ఉన్నది ఇందుకే. దిగుమతి పరికరం కోసం ఎల్‌సీకి (బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్‌కు) కట్టిన సొమ్ముకూ ఇదే సూత్రం.

మార్చి31:

పైన చెప్పినదానికి నా వంతు చేర్పు. వడ్డీని చాలామంది ప్రాజెక్టు ఆదాయం అనుకుని వాడేస్తారు. జీఎఫ్ఆర్ 230(8) ప్రకారం లెక్కలు తేలగానే అది ప్రభుత్వ ఖజానాకు వెళ్లాలి, తర్వాతి విడతలో సర్దుకోవడానికి వీల్లేదు. కేంద్రానికి ఆన్‌లైన్‌లో సొమ్ము కట్టే భారత్‌కోశ్ పోర్టల్‌లో కట్టి ఆ రసీదు యూసీకి జతచేయాలి. ఐదారు ప్రాజెక్టుల సొమ్ము ఒకే సేవింగ్స్ ఖాతాలో ఉంటే వడ్డీని నెలవారీ నిల్వల నిష్పత్తిలో పంచాలి. ఏడాది చివరి నిల్వను బట్టి పంచితే సొమ్ము త్వరగా ఖర్చుచేసిన ప్రాజెక్టుకు తక్కువ, వాడకుండా ఉంచినదానికి ఎక్కువ పడి రెండు యూసీలూ తప్పుతాయి.

ట్రెజరీ సింగిల్ అకౌంట్ పద్ధతిలో వచ్చే ప్రాజెక్టుల సంగతి వేరు. అక్కడ సొమ్ము మన ఖాతాలోకి రాదు, వాడుకునే పరిమితి మాత్రమే వస్తుంది. కాబట్టి వడ్డీ గడి సున్నా. పాత యూసీ కాపీ చేసి అంకెలు మార్చే అలవాటున్నవాళ్లు ఇక్కడే పడిపోతారు. మార్చి 31కి వాడని పరిమితి రద్దవుతుంది. పీఎఫ్ఎంఎస్‌లో (కేంద్రం చెల్లింపుల పోర్టల్‌లో) సరఫరాదారుడి నమోదు ముందే అయిపోవాలి. ఖాతా పేరులో అక్షరం తేడా ఉన్నా, ఐఎఫ్ఎస్‌సీ మారినా చెల్లింపు వెనక్కొస్తుంది, అది ఏప్రిల్ 2న తెలిస్తే చేయగలిగింది లేదు. ప్రాజెక్టు బిల్లులకు మార్చి 10 గడువు పెట్టి, జనవరిలోనే పీఐలందరికీ సర్క్యులర్ పంపడం మేలు.

ఇంకోటి గట్టిగా చెప్పండి: మేకర్ (చెల్లింపు ఎక్కించేవారు), చెకర్ (సరిచూసి ఆమోదించేవారు) ఒకే మనిషి కాకూడదు, డిజిటల్ సంతకం టోకెన్ పక్క సీటుకు అప్పగించకూడదు. లైవ్ లాగిన్‌లో శిక్షణ వద్దు, స్క్రీన్‌షాట్లు ప్రింట్ తీసి ఇవ్వండి.

ఇండెంటు_సెక్షన్:

రెండో రోజుకు నా సలహా. రిజిస్టర్లో 'ఖర్చయింది' గడి పక్కన 'కమిట్ అయింది' (ఆర్డర్ ఇచ్చాం, ఇంకా చెల్లించలేదు) గడి పెట్టించండి. ఫిబ్రవరిలో ఆర్డర్ ఇచ్చిన పరికరం మేలో వస్తుంది. ఆ మధ్యలో సొమ్ము ఖాళీగా ఉన్నట్టు కనపడితే అదే హెడ్‌లో రెండో ఇండెంట్ పాసైపోతుంది. నిల్వ అంటే విడుదలైన సొమ్ములోంచి ఖర్చు, కమిట్‌మెంట్ రెండూ తీసేశాక మిగిలేది.

పన్ను లెక్క ఒకటి చేయించండి. పరిశోధన పరికరాలకు ఉన్న 5 శాతం జీఎస్టీ రాయితీ 2022 జూలై 18తో పోయింది, చాలా పరికరాలకు ఇప్పుడు 18 శాతం. పాత ప్రతిపాదన చూసి బడ్జెట్ రాసిన పీఐ 10 లక్షల పరికరానికి 10,50,000 అడుగుతాడు. బిల్లు 11,80,000 వస్తుంది. తేడా 1,30,000 కన్స్యూమబుల్స్ (రసాయనాల్లాంటి వాడి అయిపోయే సరుకులు) హెడ్ నుంచి లాగబోతారు. అది రికరింగ్ సొమ్ము, ఏజెన్సీ అనుమతి లేకుండా కదపకూడదు. కాబట్టి ప్రతిపాదన పంపే ముందే ఫైనాన్స్ సెక్షన్ ఒకసారి చూడాలి.

కొనుగోలు పరిమితుల దగ్గర జాగ్రత్త. 2025 జూన్‌లో కేంద్రం పరిశోధన సంస్థలకు కొటేషన్ లేకుండా నేరుగా కొనే పరిమితిని లక్ష నుంచి 2 లక్షలకు, కమిటీ ద్వారా కొనేదాన్ని 10 లక్షల నుంచి 25 లక్షలకు పెంచింది. మీది రాష్ట్ర యూనివర్సిటీ అయితే అది మీకు వర్తిస్తుందో లేదో, పాలకమండలి ఆమోదించిందో లేదో చూసి, ఆ కాగితం ఫైల్లో ఉంచాకే వాడండి. పరిమితి ఎంతైనా ఒకే అవసరాన్ని ముక్కలు చేసి కొనడం రూల్ 157 ప్రకారం కుదరదు. ఒకే వారంలో, ఒకే షాపులో, వరస నంబర్లున్న మూడు బిల్లులు ఇచ్చి 'ఇందులో మీకేం కనిపిస్తోంది' అని అడగండి, చాలు.

మీ దగ్గర సముద్ర శాస్త్రం ప్రాజెక్టులున్నాయన్నారు కాబట్టి బోటు అద్దె వోచర్ తప్పక పెట్టండి. ఫిషింగ్ హార్బర్‌లో బోటు మాట్లాడుకుని నీటి నమూనాలు తెస్తారు, బోటు యజమాని దగ్గర జీఎస్టీ బిల్లు ఉండదు. అలాగని తెల్లకాగితం మీద 'బోటు ఖర్చు 18,000' అని రాసిస్తే పాస్ చేయకూడదు. బోటు రిజిస్ట్రేషన్ నంబరు, వెళ్లిన తేదీ, బయల్దేరిన, తిరిగొచ్చిన వేళలు, నమూనాలు తీసిన చోట్లు, డీజిల్ అద్దెలో కలిసిందో లేదో, యజమాని సంతకం ఉండాలి. 5,000 దాటితే రెవెన్యూ స్టాంపు. సొమ్ము వీలైనంతవరకు బ్యాంకు ఖాతాకే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం, బోట్లు ఒడ్డునే ఉంటాయి. ఆ తేదీల్లో వేట బోటు వోచర్ వస్తే ప్రశ్న అడగాలి. ఇంకో సంగతి, వేసవిలో వెళ్లలేని పని చలికాలానికి జరిగి, ఖర్చంతా జనవరి, మార్చి మధ్య వచ్చిపడుతుంది. మొదటి త్రైమాసికంలో ఖర్చు లేదని ఆ పీఐకి నోటీసు ఇవ్వకండి.

బీచ్‌రోడ్_పద్దులు:

అందరికీ ధన్యవాదాలు. వరుస మార్చేశాను: మొదటి రోజు శాంక్షన్ ఆర్డర్, యూసీ. రెండో రోజు రిజిస్టర్, కొనుగోళ్లు, వోచర్లు. మూడో రోజు మార్చి ముగింపు. ఒక్క సందేహం: జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) ఫెలోషిప్ బిల్లుల్లో ప్రతి నెలా తేడాలొస్తున్నాయి. దాన్నెలా నేర్పాలి?

ఎఫ్‌ఓ_విశ్రాంతి:

రెండో రోజు అరగంట కేటాయించండి. తప్పులు మూడు చోట్లే వస్తాయి.

మొదటిది రేటు. 2023 జనవరి 1 నుంచి నెలకు జేఆర్ఎఫ్ 37,000, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) 42,000. అంతకుముందు మంజూరైన ప్రాజెక్టులో పాత రేటుకే బడ్జెట్ ఉంటుంది. తేడా సొమ్ము ఏజెన్సీని అడగాలి, కంటింజెన్సీలోంచి (చిల్లర ఖర్చుల హెడ్‌లోంచి) తీయకూడదు.

రెండోది హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం). జీతాల బిల్లుల అలవాటుతో రాష్ట్ర ఉద్యోగుల శాతం వేసేస్తారు. హెచ్ఆర్ఏ కోసం కేంద్రం నగరాలను ఎక్స్, వై, జెడ్ శ్రేణులుగా విడదీసిన లెక్కలో విశాఖ వై శ్రేణి నగరం. డీఏ 50 శాతానికి చేరిన 2024 జనవరి నుంచి కేంద్ర ఉద్యోగులకు వై శ్రేణిలో 18 పోయి 20 శాతమైంది. ప్రాజెక్టుకు ఏది వర్తిస్తుందో ఏజెన్సీ తాజా మెమో చూసి వేయాలి. హాస్టల్లో ఉన్న స్కాలర్‌కు హెచ్ఆర్ఏ ఉండదు. కాబట్టి చేరిన రోజే నివాసం డిక్లరేషన్ తీసుకుని, హాస్టల్ వార్డెన్ జాబితాతో ఏడాదికి రెండుసార్లు సరిచూడండి.

మూడోది రోజుల లెక్క. జూన్ 12న చేరిన జేఆర్ఎఫ్‌కు 20 శాతం హెచ్ఆర్ఏతో నెలకు 44,400, రోజుకు 1,480. 30లోంచి 12 తీసేసి 18 రోజులు వేస్తారు. చేరిన రోజు కూడా కలిపితే 19, అంటే 28,120 ఇవ్వాలి. 1,480 రూపాయలే కదా అనుకోవద్దు. ఆ పిల్లలకు ఆ నెల అదే ఆధారం, పైగా బకాయి బిల్లు విడిగా పెట్టాలంటే మళ్లీ ఆరు సంతకాలు.

మూడో రోజు మధ్యాహ్నం ఇద్దరు పీఐలను కూడా పిలవండి. ఒక్కొక్కరు తమ ఫైలు ఎక్కడ ఎన్ని రోజులు ఆగిందో తేదీలతో చెప్పాలి, సెక్షన్ వాళ్లు ఏ కాగితం లేక ఆగిందో చెప్పాలి. అక్కడ తేలిన కాగితాల పేర్లతో ఇండెంట్ ఫారం వెనకవైపు చెక్‌లిస్టు అచ్చువేయించండి.