కాంట్రాస్ట్ ఎక్కించాక కళ్లు తిరిగి పడిపోతే: వేగలా, అలర్జీయా?

సీటీ_కన్సోల్: సీటీ స్కాన్‌లో లోపలి భాగాలు స్పష్టంగా కనపడడానికి నరంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు వెళ్లిన రెండు నిమిషాలకు చెమటలు పట్టి, మొహం పాలిపోయి, బీపీ పడిపోతే ముందు ఏం చూస్తారు? ఖాళీ కడుపుతో రమ్మనడం వల్లే ఇవి ఎక్కువవుతున్నాయా? స్కాన్ అయ్యాక ఎంతసేపు ఉంచాలి?

నాడి_చూడు: పల్స్ చూడండి. బీపీ తగ్గి పల్స్ 60 లోపుంటే వేగల్, అంటే వేగస్ నరం ప్రభావంతో గుండె నెమ్మదించి కళ్లు తిరగడం; 100 దాటితే అలర్జీ. వేగల్ అయితే బల్ల మీదే పడుకోబెట్టి కాళ్లు ఎత్తండి. మాస్కుతో ఆక్సిజన్ నిమిషానికి 6–10 లీటర్లు పెట్టి, సెలైన్ వేగంగా వదలండి. చాలామంది దాంతోనే తేరుకుంటారు. లేదంటే పల్స్ పెంచే అట్రోపిన్.

ట్రే_సిద్ధం: డోసు చెప్పకుండా అట్రోపిన్ అని వదిలేస్తారేంటండీ? భయపడి 0.3 ఇస్తున్నారు జనం. పెద్దవాళ్లలో 0.5 మిల్లీగ్రాముల కన్నా తక్కువైతే పల్స్ ఇంకా పడిపోవచ్చు. 0.6 నుంచి 1 మిల్లీగ్రాము ఐవీ, అంటే నరంలోకి. అవసరమైతే మళ్లీ ఇవ్వొచ్చు, మొత్తం 3 దాటకూడదు.

నాడి_చూడు: డోసు తెలియనివాళ్లు ఇంజెక్టర్ దగ్గర నిలబడనేకూడదు.

ఐసీయూ_రాత్రి: ఆ మాట తర్వాత. పల్స్ ఒక్కటే చూసి వేగల్ అని తేల్చేయడమే అసలు ప్రమాదం. బీటా బ్లాకర్ (బీపీ, గుండె జబ్బులకు ఇచ్చే, పల్స్ తగ్గించే మందు) వాడేవాళ్లకు అనాఫిలాక్సిస్, అంటే ప్రాణాంతకమైన అలర్జీ, వచ్చినా పల్స్ పెరగకపోవచ్చు. చొక్కా ఎత్తి దద్దుర్లు చూడండి, ఛాతీలో పిల్లికూతలు వినండి, గొంతు బొంగురుపోయిందేమో మాట్లాడించండి. వీటిలో ఏదున్నా, బీపీ పడిపోతుంటే, అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాము తొడ బయటి పక్క కండకు. అంటే 1:1000 అర మిల్లీలీటరు.

ట్రే_సిద్ధం: చాలాచోట్ల అడ్రినలిన్ 0.3 అని రాసి ఉంటుంది.

ఐసీయూ_రాత్రి: రెండూ వాడుకలో ఉన్నవే. మీ ట్రే మీద ఏది రాసి ఉంటే అది ఇవ్వండి, కానీ ఆలస్యం చేయకండి. ముందు హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి చూద్దాం అనడం మాత్రం తప్పు. అది పనిచేయడానికి గంటలు పడుతుంది.

నాడి_చూడు: బీటా బ్లాకర్ సంగతి ఒప్పుకుంటున్నా. మందుల జాబితా ముందే అడగాలి. అలాంటివాళ్లకు అడ్రినలిన్ పనిచేయకపోతే గ్లూకగాన్ ఐవీ, 1 నుంచి 5 మిల్లీగ్రాములు, 5 నిమిషాల మీద. వాంతి కావచ్చు, తల పక్కకు తిప్పండి.

అయస్కాంతం: ఎంఆర్‌ఐ వాళ్లను మర్చిపోయారు. ఎంఆర్‌ఐలో వాడే కాంట్రాస్ట్ గాడోలినియం తర్వాత పడిపోతే లోపలే చికిత్స చేస్తూ ఉండిపోవద్దు. ముందు పేషెంటును మాగ్నెట్ గది బయటికి తీసుకురండి, తలుపు మూయండి. సీపీఆర్ (గుండె ఆగితే ఛాతీ నొక్కడం) అవసరమైతే బయటికి తెస్తూనే మొదలుపెట్టండి, ఆక్సిజన్ లాంటివి బయటికి వచ్చాకే. ఇనుప సిలిండరు లోపలికి తెచ్చారా, అది తూటాలా ఎగిరి వెళ్తుంది.

సీటీ_కన్సోల్: ఖాళీ కడుపు సంగతి ఎవరూ చెప్పలేదు.

ట్రే_సిద్ధం: అక్కర్లేదు. ఇప్పుడు సీటీలో వాడే నాన్ అయానిక్ రకం కాంట్రాస్ట్‌కు ఉపవాసం వద్దని యూరప్ మార్గదర్శకాలు ఎప్పుడో చెప్పాయి. నీళ్లు తాగి రమ్మనండి. 30 నిమిషాలు ఉంచండి, అప్పటిదాకా క్యాన్యులా (నరంలో పెట్టిన సూది గొట్టం) తీయొద్దు. బీపీ పడిపోయాక నరం దొరకదు. బల్ల మీద నుంచి ఒక్కసారిగా లేపకుండా, కాళ్లు వేలాడేసి కాసేపు కూర్చోబెట్టి లేపండి.