‘క్షణికావేశం’లో ఆ క్షణం ఎంతసేపు?

“క్షణికావేశం అన్న మాటకు మన సీమలో అచ్చమైన మాట ఏదైనా ఉందా?” అని మొన్న గుంపులో ఒక అక్క అడిగినారు. జవాబు కాస్త పెద్దదయ్యేట్టు ఉంది కాబట్టి విడిగా రాస్తున్నాను.

ముందు ఆ మాట సంగతి. ‘ప్రేమ విషయం ఇంట్లో తెలియడంతో మనస్తాపం చెంది, క్షణికావేశంలో అఘాయిత్యానికి పాల్పడ్డారు’ అనే తరహా వాక్యం జిల్లా ఎడిషన్లు చదివేవాళ్లందరికీ తెలుసు. పక్కన పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, పదిహేడేళ్లూ పద్దెనిమిదేళ్లూ. అనంతపురంలో ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్పేవాణ్ణి కాబట్టి ఆ వయసు ముఖాలు నాకు రోజూ ఎదురుగా బెంచీల మీద కనిపిస్తాయి. ఆ వాక్యం చదివి పేజీ తిప్పేయడం నావల్ల కాదు.

ఆవేశంలో ఉన్నది ‘విశ్’ ధాతువు. చొరబడడం అని అర్థం, ప్రవేశం కూడా అందులోంచి వచ్చిందే. జాతరలో ‘ఒంటిమీదికి వచ్చింది’ అంటామే, ఆవేశానికి మొదట్నుంచీ ఉన్న అర్థం అదే. దాని ముందు క్షణికం చేరితే, ఎక్కడిదో వచ్చి పిల్లల్లో దూరింది, ఒక్క క్షణం ఉండి ప్రాణం తీసుకుపోయింది అన్నట్టు తయారైంది. ఇంట్లోవాళ్లకు గానీ, మాకు గానీ, ఊరికి గానీ అందులో చోటే లేదు. నా అభ్యంతరం అక్కడే.

నిజానికి ఆ క్షణం వెనక ఏళ్లు ఉన్నాయి. ముందుచూపుతో ఆలోచించే, తొందరకు పగ్గం వేసే పని ఎక్కువగా నుదుటి వెనక ఉండే మెదడు భాగానిది. అది పూర్తిగా ఎదిగేసరికి ఇరవై ఐదేళ్ల దాకా పడుతుంది. కోపం, భయం, మోహం, మెప్పు కోసం ఆరాటం పుట్టించే లోపలి భాగాలు మాత్రం యుక్తవయసు మొదలవగానే జోరందుకుంటాయి. ఆశ, ఉత్సాహం రేపే డోపమైన్ అనే మెదడు రసాయనం ప్రభావం ఆ వయసులో బలంగా ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఎడం ఉన్న ఏళ్లలోనే తొలి ప్రేమ వస్తుంది. ‘ఉడుకు రక్తం’ అని మనం రక్తం మీద వేసేది నిజంగా మెదడు పని.

రోమియో, జూలియట్‌ల కథనే చూడండి. జూలియట్‌కు ఇంకా పద్నాలుగు నిండలేదు. ఆదివారం రాత్రి చూపులు కలుస్తాయి, సోమవారం పెళ్లి, వారం తిరగకముందే ఇద్దరూ లేరు. దాన్ని అమర ప్రేమ అని పాఠం చెప్పేటప్పుడు ఆ పిల్ల వయసు కూడా చెప్పాలని నా పట్టుదల.

ఇంకొకటి, స్నేహితులు. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు 306 మందితో కారు నడిపే ఆట ఆడించారు. స్నేహితులు పక్కనుంటే పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలు చాలా ఎక్కువ తెగించారు. ఇరవై నాలుగు దాటినవాళ్లలో ఆ తేడా రాలేదు. మాకిది కాలేజీ గేటు దగ్గరే కనిపిస్తుంది. ఒకసారి ఒక పిల్లాడు, అమ్మాయికి సంబంధం ఖాయమైందని తెలిసి, ఉన్నపళంగా ఆ ఊరికి బయల్దేరినాడు. బయట ఇద్దరు స్నేహితులు బండి స్టార్ట్ చేసి “రారా, తేల్చుకుందాం” అంటున్నారు. వాణ్ణి స్టాఫ్‌రూమ్‌లో కూర్చోబెట్టినాను. మోకాలు అదురుతానే ఉంది, ఫోన్ పట్టుకున్న వేళ్లు తెల్లబారినాయి. బుద్ధులేమీ చెప్పలేదు, ఆ సమయంలో చెవికెక్కవు. ఉగ్గాని బజ్జీ తెప్పించినా. గంటసేపు ముట్టలేదు. తర్వాత తిన్నాడు, ఏడ్చినాడు, “మా నాయనకు ఎట్ల చెప్పాల సార్?” అని అడిగినాడు. ఆ మాట అడిగినాడంటే నాకు ధైర్యం వచ్చింది.

అక్కా, మీరు అడిగిన మాటకు ఇప్పుడు వస్తున్నా. తిక్క, రోషం, పంతం అన్నీ ఉన్నాయి మనకు, కానీ అవన్నీ మనిషి గుణాన్ని తప్పుపట్టేవే. నాకు పనికొచ్చే మాట వేరే ఉంది: నిమ్మళించడం. ‘జరం నిమ్మళించింది’, ‘కొంచెం నిమ్మళించినాక మాట్లాడుకుందాం’ అని మా పెద్దవాళ్లు అంటారు. ఈ మాట ఎవరినీ నిందించదు. పొంగింది తగ్గుతుందని, దానికి కొంత సేపు కావాలని చెబుతుంది. ప్రాణం మీదికి తెచ్చుకోవాలనిపించే ఉధృతి చాలామందిలో నిమిషాల్లోనో గంటల్లోనో తగ్గుముఖం పడుతుంది. ఆ కాసేపు పక్కన ఒక మనిషి ఉండాలి, అంతే.

వ్యాఖ్య (ప్రొద్దుటూరు నుంచి ఒక తల్లి): సార్, మెదడు ఎదగలేదంటే పిల్లలకు అదొక సాకు కాదా? మేం కష్టపడి చదివిస్తుంటే వాళ్లు ఇట్లా చేస్తే?

జవాబు: కాదమ్మా. తీరిగ్గా, టెన్షన్ లేకుండా ఆలోచించమంటే పదహారేళ్ల పిల్లలు దాదాపు పెద్దవాళ్లలాగే ఆలోచిస్తారు. మనసు మరిగినప్పుడే ఆ తెలివి అందదు. అందుకే ఫోన్ లాక్కుని, చెయ్యి చేసుకుని, “రేపే పెళ్లి చేస్తా” అని అర్ధరాత్రి అరిచే పంచాయితీ పెట్టొద్దంటున్నాను. తెల్లారనివ్వండి. ‘నువ్వు చెప్పేది వింటా’ అనండి. మాటల్లో చావు ప్రస్తావన వస్తే బెదిరింపని కొట్టిపారేయకుండా, వాళ్లను ఒంటరిగా వదలకుండా 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు.

ఇంకో మాట. పరువు పేరుతో కూతురి మీద చెయ్యెత్తిన నలభై ఐదేళ్ల తండ్రికి కూడా ఇదే ‘క్షణికావేశం’ రాస్తున్నారు. ఆయన మెదడు ఎదిగి ఇరవై ఏళ్లయింది. ఆయనకు ఆ మాట వాడకండి.